గూడబాతుల జమాఖర్చు

సంక్రాంతి రోజుల్లో నేలపట్టు చెరువు దగ్గరికి వెళ్తే పక్షులున్న సంగతి ముందు ముక్కుకి తెలుస్తుంది, తర్వాతే కంటికి. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), కొంగలు, నీటికాకులు. కొమ్మలకి సున్నం కొట్టినట్టు తెల్లగా రెట్ట. చూడ్డానికి వచ్చినవాళ్లు కర్చీఫ్ తీస్తారు. చుట్టుపక్కల రైతులు మాత్రం ఆ రెట్ట కలిసిన నీళ్లు పారితే పైరు బాగుంటుందని తరాలుగా చెబుతున్నారు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయింది. నెల్లూరు వాళ్లం కాగితం మీద ఒప్పుకున్నాం, నోటితో ఇంకా ఒప్పుకోలేదు.)

రైతుల మాటలో రసాయన శాస్త్రం ఉంది. శరీరంలో మిగిలిపోయిన నత్రజనిని మనం యూరియాగా మార్చి, బోలెడు నీళ్లతో కలిపి బయటికి పంపుతాం. పక్షి అలా చేయదు. యూరిక్ ఆమ్లంగా మార్చి, దాదాపు నీళ్లు లేకుండా ముద్దలా వదిలేస్తుంది. రెట్టలో తెల్లగా కనిపించేది అదే. గుడ్డులో పెరిగే పిల్లకి ఉన్నది గుక్కెడు నీళ్లే కాబట్టి, అందులో కరగని రూపంలో చెత్తని పక్కన పెట్టుకోవడం దానికి ప్రాణావసరం. ఆ ముద్ద చెరువులో పడ్డాక సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి అమ్మోనియాగా, నైట్రేట్లుగా మారుస్తాయి. గూడబాతు చేపని ముళ్లతో సహా మింగుతుంది కాబట్టి భాస్వరం కూడా వస్తుంది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఈ ఎరువు బయటినుంచి వచ్చిన సరుకు. పులికాట్ సరస్సు అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. గూడబాతులు అక్కడికి పోయి వేటాడి, పిల్లల కోసం తిరిగి నేలపట్టుకి వస్తాయి. అంటే ఉప్పునీటి సరస్సులో ఈదిన చేప రెక్కల మీద ప్రయాణం చేసి వరి మడిలో తేలుతోంది. లారీ బాడుగ లేదు, హమాలీ కూలి లేదు.

1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అటవీశాఖ కాపలా ఒక ఎత్తు. గూళ్ల మీద ఊళ్లో పిల్లలు రాయి విసరకపోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోది జీతమిచ్చి చేయించేది కాదు. పక్షి ఊరికి ఇచ్చేది, ఊరి దగ్గర తీసుకునేది పక్కపక్కన రాస్తే ఇక్కడ జమ వైపు ఎక్కువ. ప్రకృతే లెక్క సరిచేసి పెట్టింది.

అన్ని జంతువులూ ఇంత మర్యాదస్తులు కావు. మంచు చిరుతనే తీసుకోండి. మంగోలియాలోనో, మన హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలోనో అది ఒక రాత్రి గొర్రెల దొడ్లో దూరిందంటే ఒక్కదాన్ని ఎత్తుకుని పోదు. పారిపోయే దారిలేక కకావికలైన మంద ముందు దాని వేట ఆగదు, తినగలిగే దానికన్నా ఎన్నో ఎక్కువ చంపేస్తుంది. తెల్లారేసరికి ఒక కుటుంబం ఆస్తి పోతుంది. ఆ కాపరి దగ్గరికి వెళ్లి, ఇది అరుదైన జీవి, కాపాడాలి అని ఉపన్యాసం ఇచ్చేవాడికి టీ కూడా దొరకదు.

అలాంటి చోట లెక్కని మనుషులే కట్టాలి. 1981లో అమెరికాలోని సియాటిల్‌లో హెలెన్ ఫ్రీమన్ స్థాపించిన స్నో లెపర్డ్ ట్రస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేసింది అదే. మంగోలియాలో కాపరుల ఆడవాళ్లు ఉన్నిని దళారులకి చౌకగా అమ్మేసేవారు. ఆ ఉన్నితో వస్తువులు చేయించి మంచి ధరకి కొనడం మొదలుపెట్టారు. మంచు చిరుతల్ని చంపబోమని వాళ్లు ఒప్పందం రాసిస్తారు. ఏడాది చివర మాట నిలబడితే బోనస్. ఆ ప్రాంతంలో ఒక్క చిరుతని ఎవరు చంపినా బోనస్ అందరికీ పోతుంది. నాకు నచ్చిన కిటుకు ఇదే. వేటగాడి మీద నిఘాకి పోలీసు అక్కర్లేదు, ఇరుగుపొరుగే చాలు. స్పితిలో ఈ ట్రస్టుతో కలిసి పనిచేసే మన దేశపు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పశువులకి బీమా పెట్టించింది. ప్రీమియం కట్టేదీ ఊరివాళ్లే, నిధి నడిపేదీ వాళ్లే. దొంగ క్లెయిము పెడితే పక్కింటివాడికి తెలిసిపోతుంది!

ఆఫ్రికాలోని నమీబియాలో జమాఖర్చు మరోలా కుదిరింది. అక్కడ చీతా కన్జర్వేషన్ ఫండ్ 1994 నుంచి రైతులకి పెద్ద జాతి కాపలా కుక్కల్ని ఇస్తోంది. చీతాది వేగం కోసం తేలికపడిన శరీరం, చిన్న గాయమైనా పరుగు పోయి పస్తులే. అందుకే గట్టిగా మొరిగే కుక్క ఎదురైతే పోట్లాడదు, దారి మార్చుకుంటుంది. మేక బతికింది, చీతా బతికింది, రైతు తుపాకీ గోడకే ఉంది.

ఊరివాడి చేతిలో ఉన్న పెట్టుబడి పశువులే కాదు, తెలివి కూడా. 1840లలో నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ ఇక్కడి జంతువుల సంగతులు చాలావరకు యానాదుల దగ్గర నేర్చుకున్నాడు. అతని ద్వారా 1848లో లోకానికి తెలిసిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో దాన్ని మళ్లీ పట్టి చూపించింది ఒక స్థానిక వేటగాడు.

మన తీరంలో లెక్క ఇంకా తేలలేదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు నెల్లూరు, ప్రకాశం ఒడ్డులకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. కూర్మావతారమని దండం పెట్టే మత్స్యకారుడే వలలో తాబేలు పడితే ఇరుకున పడతాడు. దాన్ని వదలాలంటే వల కోయాలి. వల అంటే అప్పు. మహారాష్ట్రలో 2018 నుంచి అలా కోసిన వలకి 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తున్నారు. దండానికి తోడు డబ్బు ఉంటే కత్తి తేలిగ్గా బయటికి వస్తుంది. ఒడ్డున మాత్రం కొంత పని జరుగుతోంది. 2002లో చెన్నైలో పుట్టిన ట్రీ ఫౌండేషన్ మత్స్యకారుల కుర్రాళ్లకే భృతి ఇచ్చి, రాత్రుళ్లు ఇసుకలో నడిపించి, గుడ్లని కుక్కలకి, నక్కలకి దొరక్కుండా హేచరీలకి, అంటే గుడ్లు పొదిగించే చోట్లకి, చేరుస్తోంది. అక్కడ పందిరి నీడ కూడా ముఖ్యమే. ఇసుక వేడి పెరిగితే పిల్లలన్నీ ఆడవే అవుతాయి, చల్లబడితే మగవి.

మళ్లీ నేలపట్టుకి వస్తే, కుదిరిన లెక్కకి కూడా గండాలున్నాయి. 45 కిలోల యూరియా బస్తా సబ్సిడీ మీద 266 రూపాయల 50 పైసలకి దొరుకుతోంది. అదే నత్రజనిని గూడబాతు 20 కిలోమీటర్లు ఎగిరి మోసుకొస్తోంది, కంపు కూడా కలిపి. బస్తా వేసే కుర్ర రైతుకి ఆ చెరువు నీళ్ల విలువ తాత చెప్పిన కథలా వినిపిస్తుందేమోనని నా అనుమానం. అందుకే ఈసారి వెళ్లినప్పుడు పక్షుల్ని లెక్కపెట్టే పని పిల్లలకి అప్పగించి, నేను తూము కింద మడుల వైపు నడిచాను. ఎవరు ఎన్ని బస్తాలు వేస్తున్నారో అడుగుదామని.