చిలుము చెప్పిన లెక్క

రాగి చెంబును నెలల తరబడి తోమకుండా మూల పడేస్తే ఆకుపచ్చగా చిలుము పడుతుంది. చింతపండు పెట్టి రుద్దేస్తాం, పోతుంది. రసాయనశాస్త్రంలో ఒక పెద్ద తగువును తేల్చడం మొదలైంది సరిగ్గా అలాంటి పచ్చటి పదార్థంతోనే.

స్పెయిన్‌లో పనిచేస్తున్న ఫ్రెంచి రసాయనవేత్త జోసెఫ్ ప్రూస్ట్. 1799 నాటి తన పరిశోధనలో రాగి కార్బొనేట్‌ను రెండు రకాలుగా సంపాదించాడు. ఒకటి భూమిలో దొరికే మాలకైట్ రాయి. రెండోది తను చేసుకున్నది: రాగిని ఆమ్లంలో కరిగించి, సోడా లాంటి కార్బొనేట్ కలిపితే పచ్చటి ముద్ద అడుక్కి దిగుతుంది, దాన్ని కడిగి ఆరబెట్టాలి. బాగా కాలిస్తే రెండింట్లోంచీ నీరు, కార్బన్ డయాక్సైడ్ పోయి నల్లటి పొడి మిగులుతుంది. 100 గ్రాములకు దాదాపు 72 గ్రాములు. భూమి తయారుచేసినా మనిషి తయారుచేసినా పాళ్లు మారవు. మనం బడిలో చదివిన స్థిరానుపాత నియమం ఇదే.

పారిస్‌లో ఇంకో రసాయనవేత్త బెర్తొలే ఒప్పుకోలేదు. ఆయన మాటకు అప్పట్లో చాలా విలువ. కంచులో తగరం ఎక్కువ తక్కువలుగా వేయొచ్చు కదా, సంయోగ పదార్థాల్లో మాత్రం పాళ్లు ఎందుకు మారకూడదు అన్నాడు. ప్రూస్ట్ ఏళ్ల తరబడి ఓపిగ్గా జవాబిచ్చాడు: కంచు లాంటివి మిశ్రమాలు, సంయోగ పదార్థాలు వేరు. తగరానికి రెండు ఆక్సైడ్లు ఉన్నాయి, మధ్యస్థంగా కనిపించేవి ఆ రెండింటి కలగలుపే అని చూపించాడు.

నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. ఇప్పటి లెక్కల్లో ఒక ఆక్సైడ్‌లో తగరం 88.1 శాతం, ఆక్సిజన్ 11.9. రెండోదాంట్లో 78.8, 21.2. ఈ అంకెల్ని ఎంతసేపు చూసినా ఏమీ తట్టదు. ఇప్పుడు శాతాలు వదిలేసి, రెండుచోట్లా తగరం 100 గ్రాములే అనుకుందాం. ఆక్సిజన్ ఒకచోట 13.5 గ్రాములు, ఇంకోచోట 27. సరిగ్గా రెట్టింపు! శాతాల్లో రాసుకున్న ప్రూస్ట్‌కు ఇది కనిపించలేదు.

ఇలాంటి రెట్టింపులు మాంచెస్టర్‌లో జాన్ డాల్టన్ దృష్టికి వచ్చాయి. వాయువుల గురించి ఆలోచిస్తూ పరమాణువుల దాకా వచ్చిన మనిషి ఆయన. ఒక పరమాణువు పక్కన ఒకటి చేరొచ్చు, రెండు చేరొచ్చు, ఒకటింబావు చేరదు. 1808లో ఈ ఆలోచనను పుస్తకంగా అచ్చువేశాడు. నీటిలో ఒక ఆక్సిజన్ పరమాణువుకు హైడ్రోజన్ రెండు కాక ఒకటే ఉంటుందనుకుని పొరబడ్డాడు, దాంతో పరమాణు భారాలు తప్పాయి. ఆ చిక్కు విడిపోవడానికి అర్ధశతాబ్దం పట్టింది.

బెర్తొలే మాట కూడా పూర్తిగా వృథా కాలేదు. ఇనుము ఆక్సైడ్ ఒకదాంట్లో పాళ్లు నిజంగానే కొంచెం అటూ ఇటూ అవుతాయి. అలాంటి వాటిని ఆయన పేరుతోనే బెర్తొలైడ్లు అంటారు. ఆ స్ఫటికంలో ఇనుము ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి, సగం పరమాణువు మాత్రం ఎక్కడా ఉండదు.