మంద మొత్తానికీ నట్టల మందు: వాదన మలుపు తిరిగింది ఎక్కడ?

తొలకరి పడి బీళ్లు పచ్చబడే వేళకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక శాఖ సిబ్బంది, గొర్రెల కడుపులోని పురుగులను చంపే నట్టల మందు డబ్బాలతో ఊళ్లకు బయలుదేరుతారు. జీవాలు మేతకు కదలకముందే దొడ్డి దగ్గర నిలబడి, ఒక్కటీ తప్పిపోకుండా అన్నిటికీ తాగించాలన్నది వారికి ఉన్న ఆదేశం. ఆ వెంటే పాత వాదన కూడా మళ్లీ లేస్తుంది. ఇలా తాగించడం వల్ల గొర్రెలు బాగుపడుతున్నాయా, లేక ఆ మందుకే పదును తగ్గిపోతున్నదా? 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1.9 కోట్లు, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1.76 కోట్లు. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడిన కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి.

ఈ తగాదాకు మూలం హీమాంకస్ కంటార్టస్ అనే పురుగు. కోసిన గొర్రె నాలుగో పొట్టను తెరిచి నీళ్లతో కడిగితే, అంగుళం పొడవున్న సన్నని దారప్పోగుల్లా కనబడతాయి. రక్తం తాగి ఎర్రబడిన పేగు చుట్టూ తెల్లని అండాశయాలు మెలితిరిగి ఉండడంతో ఆడ పురుగు ఎరుపూ తెలుపూ కలిపి పేనిన తాడులా ఉంటుంది. అది రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అయిదు వేల పురుగులున్న గొర్రె రోజుకు పావు లీటరు దాకా రక్తం పోగొట్టుకుంటుంది. కళ్లు తెల్లబడి, దవడ కింద నీరు దిగి, మందలో వెనకబడిన గొర్రె ఆ వారమే చనిపోవచ్చు. అందుకే ఈ కాలంలో కాపరి భయపడడంలో తప్పు లేదు.

మందులు ఎలా వచ్చాయన్నది చాలామందికి తెలిసిన కథే. ఈనాటి వాదనకు కావలసింది అవి ఎంత త్వరగా ఓడిపోయాయన్నదే. 1961లో వచ్చిన థయాబెండజోల్‌కు లొంగని హీమాంకస్ 1964 నాటికే అమెరికాలోని కెంటకీలో బయటపడింది. 1981లో మార్కెట్లోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్‌కు 1987 నాటికి దక్షిణాఫ్రికా గొర్రెల్లో ఎదురుదెబ్బ తగిలింది. 2009లో న్యూజిలాండ్‌లో విడుదలైన మోనెపాంటెల్ సంగతీ అంతే, నాలుగేళ్లలో అక్కడే దానికి లొంగని పురుగులు నమోదయ్యాయి.

అసలు మలుపు మాత్రం కొత్త మందుతో రాలేదు. మందులన్నీ చేజారిపోతున్న దక్షిణాఫ్రికాలో యాన్ వాన్ వైక్ అనే పశువైద్య శాస్త్రవేత్త 2001లో ప్రచురించిన ఒక వ్యాసంతో వచ్చింది. అప్పటిదాకా అందరూ మందు తాకిన పురుగుల గురించే ఆలోచించారు. ఆయన మందు తాకని పురుగుల వైపు చూపు తిప్పాడు. పెంటికలతో పడిన గుడ్లు పొదిగి పచ్చికలో ఉన్న లార్వాలు (పిల్ల పురుగులు), మందు తాగని గొర్రెల కడుపులో ఉన్న పురుగులు శత్రుశేషం కాదనీ, మందు పనితనాన్ని కాపాడే నిల్వ అనీ వాదించాడు. మందుకు తట్టుకున్న నాలుగు పురుగులకు పిల్లలు పుడితే, మందుకు లొంగే వేల పురుగుల సంతానంలో అవి కలిసి పలచబడాలి. మంద మొత్తానికీ తాగిస్తే కలవడానికి ఏమీ మిగలదు, వచ్చే తరమంతా తట్టుకున్నవాటి పిల్లలే అవుతుంది. మందు తాగించి వెంటనే కొత్త బీడుకు తోలమని దశాబ్దాల పాటు ఇచ్చిన సలహా కూడా ఈ లెక్క ప్రకారం హాని చేసేదే, ఎందుకంటే కొత్త బీడులో చేరేవి తట్టుకున్నవాటి పిల్లలే.

మరి దేనికి తాగించాలి, దేన్ని వదలాలి? దీనికి సాధనాన్ని ఆ దేశంలోనే ఫాఫా మలాన్ రూపొందించాడు. ఫమాచా అనే ఆ అట్ట మీద ముదురు ఎరుపు నుంచి దాదాపు తెలుపు దాకా అయిదు రంగులుంటాయి. గొర్రె కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి, లోపలి పొర రంగును పగటి వెలుగులో అట్టతో పోల్చి, పాలిపోయినవాటికే మందు తాగిస్తారు. తొలి ప్రయోగాల్లో దాదాపు 70 శాతం గొర్రెలకు సీజన్ మొత్తం మీద ఒక్కసారి కూడా మందు అవసరం పడలేదు. మందలోని పురుగుల్లో ఎక్కువ భాగాన్ని కొన్ని జీవాలే మోస్తాయన్న పాత పరిశీలన అలా కాపరి చేతికి పనిముట్టుగా అందింది.

ఇక్కడ కాలం కూడా చూడాలి. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో పచ్చిక మాడి, బయటి లార్వాలు చాలావరకు చచ్చిపోతాయి. ఉన్న పురుగులన్నీ దాదాపు గొర్రెల కడుపులోనే ఉంటాయి. అప్పుడు అన్నిటికీ తాగించడం అన్నిటికన్నా ప్రమాదం. పశ్చిమ ఆస్ట్రేలియాలో మరో జాతి పురుగు మీద వేసవి మందుల పద్ధతి పెట్టి, మందుకు లొంగని పురుగులను వాళ్లే పెంచుకున్నారు. వానాకాలపు విడతలో ఈ ముప్పు తక్కువ. కాబట్టి మన దగ్గర వేసవిలో వేసే విడత ఏదైనా ఉంటే, ముందుగా ప్రశ్నించవలసింది దాన్నే.

సామూహిక పంపిణీని సమర్థించేవారి మాటా వినాలి. వందల గొర్రెలున్న మందలో రెండు వారాలకోసారి రెప్పలు తిప్పి చూడడానికి మనుషులు లేరు. కాలేయపు జలగ వల్లా, మేత చాలకపోవడం వల్లా కూడా రెప్పలు పాలిపోతాయి. ఆలస్యమైతే పిల్లలూ, ఈనిన గొర్రెలూ ముందు పోతాయి. ఇవి కాదనలేని మాటలు. అయితే ఇవన్నీ ఎంపిక చేసి తాగించడంలో ఉన్న కష్టాలే గానీ, అన్నిటికీ తాగించడం క్షేమమని చెప్పే రుజువులు కావు.

మన దేశంలో 1970ల నుంచే మందుకు లొంగని పురుగులు నమోదవుతున్నాయి. అవి ఎక్కువగా కనబడింది తరచూ మందు తాగించే వ్యవస్థీకృత గొర్రెల ఫారాల్లో. అరుదుగా తాగించి, ఊరూరా తిరిగే పల్లె మందల్లో మందు ఇంకా పనిచేస్తూ వచ్చింది. మూడు సంగతులు ఆ తేడాను చెరిపేయగలవు. ఒకటి, విడతలు పెరగడం. రెండోది మేకలు. థయాబెండజోల్ కుటుంబానికి చెందిన బెండజోల్ మందులను మేక ఒళ్లు గొర్రెకన్నా త్వరగా ఖర్చు చేసేస్తుంది. కలిపి మేపే మందలో రెంటికీ ఒకే మోతాదు పోస్తే మేకలో పురుగులన్నీ చావవు, మందుకు తట్టుకున్నవి మిగిలిపోతాయి. మూడోది బయటి గొర్రెలు. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీ పథకం కింద ఇతర రాష్ట్రాల నుంచి పెద్ద ఎత్తున జీవాలను కొన్నారు. కొని తెచ్చిన గొర్రెతో పాటు దాని కడుపులోని పురుగులూ, అవి అప్పటికే ఎదుర్కొన్న మందుల చరిత్రా కొత్త దొడ్డిలోకి వస్తాయి.

ఈ వాదనను ఊహల మీద నడపనవసరం లేదు. మందు తాగించే రోజున కొన్ని గొర్రెల పెంటికలు తీసి గుడ్లు లెక్కపెట్టి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ లెక్కపెడితే చాలు. గుడ్లు 95 శాతం కన్నా తక్కువే తగ్గితే ఆ మందు ఆ మందలో ఓడిపోతున్నట్టు అనుమానించాలి. దీనికి కావలసినవి ఉప్పునీళ్లు, గళ్లున్న మెక్‌మాస్టర్ స్లయిడు, మామూలు సూక్ష్మదర్శిని. ప్రతి విడతలోనూ ఎన్ని లక్షల జీవాలకు తాగించారన్న అంకెతో పాటు, మండలానికి కనీసం ఒక మందలోనైనా తీసిన ఈ గుడ్లు తగ్గిన శాతాన్ని కూడా శాఖ ప్రకటించాలి.