రంగుల నుంచి రసాయనం దాకా: నక్షత్రాల లోహాంశ అంచనాల నేపథ్యం

పదిహేడున్నర కోట్ల నక్షత్రాల ఉష్ణోగ్రత, ఉపరితల గురుత్వం, లోహాంశం (హైడ్రోజన్, హీలియంల కంటే బరువైన మూలకాల పాలు) చూపే పట్టికను హన్మకొండలో ఎం.ఎస్సీ. చదివే విద్యార్థి ఎవరైనా ఇవాళ రూపాయి ఖర్చు లేకుండా తన గదిలోనే దించుకోవచ్చు. 2023లో వెలువడిన ఆ పట్టికలోని అంకెలు కాంతిని సూక్ష్మంగా విడదీసి గీతగీతనూ కొలిచి రాసినవి కావు. యూరప్ అంతరిక్ష సంస్థ వారి గయా ఉపగ్రహం పంపిన ముతక వర్ణపటాలను, రంగులను చూసి మెషీన్ లెర్నింగ్ వేసిన అంచనాలు. వాటిని ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్నకు మూలాలు చాలా వెనక ఉన్నాయి.

వర్ణపటంలో మూలకాల గుర్తులైన నల్లగీతలకు, ఉష్ణోగ్రతకు ఉన్న లెక్కను మేఘనాథ్ సాహా 1920లో చూపగా, దాని ఆధారంగా 1925లో సెసీలియా పేన్ నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనేనని తేల్చారు. అయితే కాంతిని సన్నగా విడదీయాలంటే పెద్ద దుర్భిణి, ఎక్కువ సమయం కావాలి. హైదరాబాద్‌లో 1901లో మొదలైన నిజామియా వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను పట్టికకెక్కించింది గాని, అందులో ఉన్నవి స్థానాలు, ప్రకాశాలే. ఏ నక్షత్రం దేనితో తయారైందో ఆ పట్టిక చెప్పలేదు.

1953లో జాన్సన్, మోర్గాన్ అతినీలలోహిత, నీలం, దృశ్య కాంతులకు మూడు ఫిల్టర్ల పద్ధతిని స్థిరపరిచాక, రంగు తేడాను, అంటే రెండు ఫిల్టర్లలో కనబడే ప్రకాశాల వ్యత్యాసాన్ని బట్టి ఉష్ణోగ్రత చెప్పడం సులువైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం గాని, ఎర్రగా కనిపించే ఆ రోహిణి నక్షత్రం ఉపరితలం సుమారు 3,900 కెల్విన్లే, సూర్యుడి కంటే చల్లన. నీలిఛాయ గల చిత్ర 20,000 దాటుతుంది. ఇనుము వంటి మూలకాలు అతినీలలోహిత కాంతిని ఎక్కువగా మింగుతాయి కనుక, అవి తక్కువున్న నక్షత్రం ఆ ఫిల్టర్లో అనుకున్నదానికంటే ప్రకాశవంతంగా కనబడుతుంది. ఈ అదనపు కాంతిని 1950ల్లో నాన్సీ రోమన్ గుర్తించారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే; తరువాత వచ్చిన యంత్రాలన్నీ ఈ సూచననే మరింత మెరుగ్గా చదువుతున్నాయి.

2008లో ఆకాశాన్ని ఫిల్టర్లతో చిత్రించే స్లోన్ సర్వే బృందం వర్ణపటాలున్న సుమారు 60,000 నక్షత్రాలను ఆధారం చేసుకుని, రెండు రంగు తేడాల నుంచి లోహాంశం చెప్పే సూత్రం కట్టింది. నక్షత్రానికీ మనకూ మధ్యనున్న ధూళి రంగును ఎర్రబరిచి ఈ లెక్కను తప్పిస్తుంది కాబట్టి, దాని ప్రభావాన్ని ముందే సరిచేయక తప్పదు. తరువాత అపోజీ, లామోస్ట్, గాలా సర్వేలు లక్షలాది వర్ణపటాలు అందించడంతో సూత్రాల స్థానంలోకి న్యూరల్ నెట్‌వర్కులు, నిర్ణయవృక్షాలు (ప్రశ్న మీద ప్రశ్నగా కొమ్మలు చీలుతూ జవాబు చేరే పద్ధతులు) వచ్చాయి. 2023 పట్టిక వెనకున్నది ఎక్స్‌జీబూస్ట్ అనే వృక్షాల పద్ధతే. ప్రధానంగా అపోజీ కొలతలతో దానికి శిక్షణ ఇచ్చారు.

చిక్కు ఇక్కడే ఉంది. మన గెలాక్సీలో ఇనుము తగ్గేకొద్దీ ఇనుముతో పోల్చితే మెగ్నీషియం నిష్పత్తి సాధారణంగా పెరుగుతుంది. ఆ సంబంధం శిక్షణ నమూనాలోనే ఉన్నప్పుడు, యంత్రం కాంతిలో మెగ్నీషియం జాడ చూడకుండానే ఇనుమును బట్టి మెగ్నీషియం అంకె చెప్పేయగలదు. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో రంగు చూసి కారం చెప్పడం నేర్చినవాడు, ముదురెరుపు ఉండీ కారం తక్కువైన చపాట మిర్చి దగ్గర పొరబడినట్టే, సాధారణ బాట తప్పిన నక్షత్రం దగ్గర యంత్రం తడబడుతుంది. పరిశోధకులకు ఎక్కువ ఆసక్తి ఉండేది అలాంటి నక్షత్రాల మీదే.

అందుకే నక్షత్ర గుచ్ఛాలతో పరీక్షిస్తారు. కృత్తికల్లోని నక్షత్రాలు ఒకే మేఘం నుంచి పుట్టాయి కనుక, వేడివైనా చల్లనివైనా వాటన్నిటికీ దాదాపు ఒకే లోహాంశం రావాలి. ఉష్ణోగ్రతతో పాటు అంకె మారుతుంటే లోపం పద్ధతిదే. చిలీలోని రూబిన్ వేధశాల ఆరు ఫిల్టర్లతో చూసే నక్షత్రాల్లో అత్యధికం వర్ణపటం తీయలేనంత మసకవి, శిక్షణ నమూనాలోనివేమో ఎక్కువగా ప్రకాశవంతమైనవి, దగ్గరివి. కనుక అక్కడ ఇలాంటి పరీక్షల అవసరం ఇంకా ఎక్కువ.