ఆరాధనకు ఏ బట్టలు? కొన్ని అపోహలు, వాస్తవాలు

క్రైస్తవ సంఘకాపరిగా నన్ను విశ్వాసులు అడిగే ప్రశ్నల్లో సిద్ధాంతానికి సంబంధించినవి తక్కువ, బట్టలకు సంబంధించినవి ఎక్కువ. "అయ్యగారూ, మావాడు జీన్స్ ప్యాంటుతో గుడికి వస్తానంటున్నాడు, మీరైనా చెప్పండి" అని తల్లిదండ్రులు, "పట్టుచీర కట్టుకుంటేనే భక్తి ఉన్నట్టా?" అని వారి పిల్లలు ఒకే ఆదివారం నా దగ్గరకు వస్తుంటారు. ఇరువర్గాలూ బైబిలు వాక్యాన్నే చూపిస్తారు కనుక, ముందు వాక్యంతోనే మొదలుపెడతాను.

అపోహ: ఆరాధనకు ఖరీదైన, హుందా అయిన దుస్తులు వేసుకోవాలని బైబిలు ఆజ్ఞాపించింది.

వాస్తవం: జీన్స్‌కు వ్యతిరేకంగా మన ప్రసంగాల్లో తరచుగా వినిపించే 1 తిమోతి 2:9ను నిదానంగా చదివితే, పౌలు "తగుమాత్రపు వస్త్రములు" చాలునని చెబుతూ, బంగారాన్ని, ముత్యాలను, మిక్కిలి వెలగల వస్త్రాలను వద్దంటున్నాడని తెలుస్తుంది. ఆ హెచ్చరిక నేరుగా తగిలేది పాత చొక్కాతో వచ్చినవాడికి కాదు, పెళ్లికి వెళ్తున్నట్టు నగలు దిగేసుకుని వచ్చినవారికి. నిర్గమకాండము 28వ అధ్యాయంలో ఘనతకు, అలంకారానికి కుట్టించమన్న ప్రతిష్ఠిత వస్త్రాలు అహరోనుకు, అతని కుమారులకు, అంటే యాజకులకు మాత్రమే నిర్ణయించినవి. ఆ మాటను సమాజమంతటికీ వర్తింపజేసి సూటు, టై వరకు లాక్కురావడం మనం చేసిన పని.

అపోహ: తెల్లబట్టలు లేకుండా ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో, పాలుపొందకూడదు.

వాస్తవం: అటువంటి నియమం కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. అయితే ఈ అలవాటు వెనుక అందమైన చరిత్ర ఉంది. తొలి శతాబ్దాల సంఘంలో ఈస్టరు పండుగనాడు బాప్తిస్మం పొందినవారు ఆ వారమంతా తెల్లని వస్త్రాలు ధరించేవారు. ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలోని తెల్లని వస్త్రాలు ధరించిన జనసమూహం కూడా మన పెద్దల మనసులో ఉండే ఉంటుంది. మన క్రైస్తవ పెళ్లికూతురి తెల్లచీరను చూసి విధవరాలి చీర అని ఇరుగుపొరుగు ఆక్షేపించినప్పుడు, తెలుగు పెళ్లిళ్లలో కట్టే మధుపర్కాలు కూడా తెల్లటివేనని నేను గుర్తుచేస్తాను. తెలుపు మంచి అలవాటే గాని, బల్ల దగ్గరకు అది ప్రవేశపత్రం కాదు.

అపోహ: పాదిరి వేసుకునే నిలువుటంగీ అపొస్తలుల కాలం నుంచి వస్తోంది.

వాస్తవం: ఆరాధనలో గురువులు ధరించే వస్త్రాల్లో చాలావరకు రోమా సామ్రాజ్యంలోని మామూలు జనం దుస్తుల నుంచి వచ్చినవే, జనం వాటిని మానేసినా గురువులు మానకపోవడంతో అవి ప్రత్యేకమయ్యాయి. బిషప్పులు ప్రత్యేక వేషధారణ మొదలుపెట్టారని విని, 428లో పోపు మొదటి సెలెస్టీన్ గాల్ దేశపు (నేటి ఫ్రాన్సు ప్రాంతపు) బిషప్పులను లేఖలో మందలించాడు. 2017లో ఇంగ్లండు సంఘపు మహాసభ, సంఘస్థులతో సంప్రదించి కొన్ని ఆరాధనల్లో గురువులు అంగీ లేకుండానే పరిచర్య చేయవచ్చని అంగీకరించింది.

అపోహ: దేవుడు హృదయాన్నే చూస్తాడు కనుక ఏది వేసుకున్నా ఒకటే.

వాస్తవం: ఇది యువకులకు ఇష్టమైన వాదన. 1 సమూయేలు 16:7లోని ఆ మాట, రాజుగా అభిషేకించడానికి వెళ్లిన సమూయేలు ప్రవక్త దావీదు అన్న ఏలీయాబు రూపాన్ని, ఎత్తును చూసి పొరబడినప్పుడు దేవుడు చెప్పినది. అది ఇతరులను పైరూపాన్నిబట్టి అంచనా వేయవద్దని మనల్ని హెచ్చరిస్తుంది గాని, మన అశ్రద్ధకు అనుమతి ఇవ్వదు. పైగా గౌరవాన్ని ఏ గుర్తుతో చూపాలో ఒక్కో సంఘానికి ఒక్కో పద్ధతి ఉంది. హైదరాబాదులోని హెబ్రోను అనే మందిరంలోను, సువార్తికుడు భక్తసింగ్ గారి పరిచర్యతో ఏర్పడిన ఇతర సహవాసాల్లోను చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటారు, స్త్రీలు తలపై ముసుగు వేసుకుంటారు. పట్టణంలోని మరో మందిరంలో బూట్లతోనే బెంచీల మీద కూర్చుంటారు. ఒకచోట భక్తి అనిపించేది మరోచోట వింతగా అనిపిస్తుంది కనుక, కొత్త సంఘానికి వెళ్లేవారు ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

అపోహ: బట్టల నియమం వల్ల ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదేనని నేను అనుకుంటాను. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మురికి బట్టల పేదవాడిని నిలబడమనే సంఘాన్ని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో గద్దించాడు. ఒక వానాకాలం మా సంఘంలో నాట్లకు వెళ్లే ఒక సహోదరి మూడు వారాలు ఆరాధనకు రాకపోతే, జ్వరమేమోనని చూడబోయాను. "గుడికి కట్టుకొచ్చేది ఒక్కటే చీర అయ్యగారూ, ముసురుకి ఆరడం లేదు" అన్నది. బల్లకు తెల్లబట్టలతో రావాలని ప్రతి నెలా వేదిక మీద నుంచి ప్రకటించినవాడిని నేనే. ఆ తర్వాత ఆ షరతును మా సంఘ ప్రకటనలు రాసుకునే పుస్తకంలోంచి కొట్టేశాను. గుమ్మం దగ్గర నిలబడే పరిచారకులకు, పొలం నుంచి నేరుగా వచ్చినవారిని కూడా ముందు వరుసలోకే తీసుకురమ్మని చెప్పాను. తెల్లచీరలు ఇప్పటికీ చాలానే కనిపిస్తాయి, కాని ఆమె రంగుచీరతోనే వస్తున్నది.