వేరే దేశాల పిల్లలతో కథలు, కవితలు పంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. కొన్నేళ్లుగా మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ కథలు, కవితలు తైవాన్, అమెరికా బడుల పిల్లలకు పంపుతున్నారు. వాళ్లవి మాకు వస్తాయి. ఒకరివి ఒకరు చదివి అభిప్రాయం రాసుకుంటారు. ఈ సంగతి ఎత్తగానే తోటి టీచర్లు, తల్లిదండ్రులు అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలకే ఇది పనికొస్తుంది.

వాస్తవం: తైవాన్ పిల్లలకూ ఇంగ్లీషు ఇంటి భాష కాదు. వాళ్లూ మనలాగే తడుముకుంటూ రాస్తారు. మా పిల్లలు ముందు తెలుగులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాల ఇంగ్లీషులోకి తెచ్చుకుంటారు. అర్థం మారిపోయే చోటే నేను దిద్దుతాను. అంతా నేనే నున్నగా చేసి పంపితే, అవతలి పిల్లలు చదివేది నా రాత అవుతుంది.

అపోహ: వీడియో కాల్, కంప్యూటర్ ల్యాబ్ లేకపోతే కుదరదు.

వాస్తవం: ఐఎర్న్ అనే అంతర్జాతీయ బడుల వేదిక 1988లో న్యూయార్క్ రాష్ట్రం, మాస్కో బడుల మధ్య మొదలైంది. అప్పుడు వెబ్ కూడా లేదు. పైగా మనకు ఉదయం 9 గంటలంటే చలికాలం న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి 10:30. ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఎలాగూ కష్టమే. నోటుబుక్కులో రాసింది టీచరు ఫోన్‌తో ఫొటో తీసి పంపినా చాలు.

అపోహ: అభిప్రాయం చెప్పడమంటే తప్పులు పట్టడం. మన ఊరి సంగతులు వాళ్లకు అర్థం కావు కాబట్టి తీసేయాలి.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ గురించి రాసింది. చెరువులో దిగి, కోరిక కోరుకుంటూ రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే పండుగ అది. 'జనం చాలామంది వచ్చారు, సంతోషంగా ఉంది' అని నాలుగు ముక్కలు. నాకూ అది చాలనిపించింది. మనకు తెలిసిన పండుగే కదా! తైవాన్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "నీ రొట్టె ఎవరిచ్చారు? నీళ్లలో నిలబడి ఎందుకు ఇచ్చుకుంటారు?"

ఆ పిల్ల రెండు రోజులు కూర్చుని మళ్లీ రాసింది. జేజి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని స్వర్ణాల చెరువులో దిగడం, "చదువు రొట్టె, చదువు రొట్టె" అని కేకేయడం, ముక్కూ మొహం తెలియని ఒకామె వచ్చి "మావాడికి సీటొచ్చిందమ్మా" అంటూ చేతిలో రొట్టె పెట్టడం, కోరిక తీరితే వచ్చే ఏడు తనూ ఇంకొకరికి రొట్టె ఇవ్వాలన్న భయం, ఆశ. ఇదంతా ఆ పిల్ల లోపల ముందే ఉంది. తెలియనివాళ్లు అడిగితేనే బయటికొచ్చింది. 'జేజి'ని గ్రాండ్‌మదర్ అని మార్చబోతే వద్దన్నాను. నాన్నవాళ్ల అమ్మ అని ఒక్కసారి చెప్తే సరిపోయింది.

అందుకే మా పిల్లలకు మూడే అడుగుతాను: నీకు కళ్లకు కట్టిన వాక్యం ఏది, ఎక్కడ ఇంకా తెలుసుకోవాలనిపించింది, రాసినవాళ్లను ఏం అడుగుతావు. 'నైస్', 'సూపర్' అని వదిలేస్తే ఒప్పుకోను.

అపోహ: పిల్లల వివరాలు బయటికి పోతాయి.

వాస్తవం: జాగ్రత్త పడకపోతే పోతాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మేం సంతకం తీసుకుంటాం. కలం పేరుతో రాయిస్తాం. ఫోన్ నంబర్లు, మొహాల ఫొటోలు పంపం. ఉత్తరాలన్నీ టీచర్ల ద్వారానే నడుస్తాయి.

అపోహ: మనం నేర్చుకోవాలి, వాళ్లు నేర్పాలి.

వాస్తవం: టైఫూన్ వచ్చి బడికి సెలవిచ్చిన రోజు గురించి తైవాన్ అబ్బాయి ఒక కవిత పంపాడు. గాలి, వాన, కిటికీ, అన్నీ అందంగా ఉన్నాయి. సముద్రం పక్క ఊరి నుంచి వచ్చే మా ఎనిమిదో తరగతి పిల్లాడు దాన్ని చదివి ఇలా రాశాడు: "గాలి ఆగిపోయాక వచ్చే ఆ నిశ్శబ్దం గురించి రాయలేదేం? మాకు భయమేసేది అప్పుడే." తైవాన్ అబ్బాయి రెండో ప్రతిలో చివరి నాలుగు పాదాలూ ఆ నిశ్శబ్దం మీదే ఉన్నాయి.