ఫిఫాలో ఓట్లు అమ్ముడుపోయాయి, నిజమే. మీ ఫోన్‌కొచ్చే ‘ఫిక్స్‌డ్ మ్యాచ్’ మాత్రం పచ్చి మోసం

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దగ్గరైనా, ఒంగోల్లో స్కూలు టోర్నీ దగ్గరైనా గ్రౌండు గీత బయట నిలబడ్డవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. “అన్నా, ఫిఫా మొత్తం అమ్ముడుపోయిందంట గదా, మ్యాచ్‌లన్నీ ముందే రాసిపెట్టుంటారంట గదా?” ఫిఫా అంటే ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ. ఈ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్కలో నిజం చాలానే ఉంది. రెండోది దాని తోక పట్టుకొని వచ్చింది. మనోళ్ల డబ్బులు పోతున్నది ఆ తోక దగ్గరే. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: ఫిఫా పెద్దలే లంచాలు తిన్నారు కాబట్టి వరల్డ్ కప్ మ్యాచ్‌లు కూడా ఫిక్సే. ఆ సమాచారం లోపలివాళ్ల దగ్గర దొరుకుతుంది.

వాస్తవం: ఫిఫా కేసుల్లో డబ్బు చేతులు మారింది మూడింటికి. వరల్డ్ కప్ ఏ దేశంలో జరగాలో తేల్చే ఆతిథ్యం ఓటుకు, టీవీ - మార్కెటింగ్ హక్కులకు, సంస్థ పదవుల ఎన్నికలకు. 2015 మే 27 తెల్లవారుజామున జ్యూరిచ్‌లోని బోర్ ఒ లాక్ హోటల్లో ఏడుగురిని పట్టుకెళ్లిన కేసు అందరికీ గుర్తుంటుంది. ఆ అమెరికా అభియోగపత్రంలో 14 మంది మీద 47 అభియోగాలున్నాయి. అంతా కాంట్రాక్టులు, కమీషన్లు, బ్యాంకు బదిలీల గొడవే. వరల్డ్ కప్ మ్యాచ్‌లో గోలు కొన్నారన్న మాట అందులో లేదు. ఆఫీసులో జరిగే దొంగతనం వేరు, గ్రౌండులో జరిగేది వేరు. చేసేవాళ్లు వేరు, పట్టుకునే పద్ధతి కూడా వేరు.

అయితే గ్రౌండులో ఫిక్సింగే లేదా? ఉంది. ఎక్కడ ఉందో, ఎలా ఉందో తెలిస్తే టెలిగ్రామ్‌లో ‘ఫిక్స్‌డ్ మ్యాచ్’ సమాచారమని అమ్మేది ఎందుకు నకిలీదో మీకే తెలిసిపోతుంది.

2011 జూన్ 1న అబూజాలో నైజీరియా, అర్జెంటీనా ఫ్రెండ్లీ ఆడాయి. రిఫరీ నైజర్ దేశస్థుడు ఇబ్రహీం షైబూ. 90 నిమిషాలు అయ్యేసరికి నైజీరియా 4-0. బోర్డు మీద ఐదు నిమిషాల అదనపు సమయం చూపించారు. ఆ ఐదూ అయిపోయాయి, అయినా విజిల్ మోగలేదు. 98వ నిమిషంలో అర్జెంటీనాకు పెనాల్టీ ఇచ్చాడు. 4-1 అయింది, అప్పుడు ముగించాడు. గెలుపోటములు ఎప్పుడో తేలిపోయిన మ్యాచ్‌లో ఆ ఒక్క గోలు ఎందుకు? పందెం ఎవరు గెలుస్తారన్న దాని మీద కాదు, మొత్తం ఎన్ని గోల్స్ అన్న దాని మీద. నాలుగుతో ఆగితే ఒకరికి, ఐదో గోలు పడితే ఇంకొకరికి. ఫ్రెండ్లీ మ్యాచ్‌లలో లంచం తీసుకొని ఫలితాలు తారుమారు చేసినందుకు ఫిఫా అతన్ని 2019లో జీవితాంతం నిషేధించింది.

ఇంకొకటి 2016 నవంబరు 12న దక్షిణాఫ్రికా - సెనెగల్ మధ్య జరిగిన వరల్డ్ కప్ క్వాలిఫయర్. బంతి సెనెగల్ డిఫెండర్ కూలిబాలీ మోకాలికి తగిలితే, ఘనా రిఫరీ జోసెఫ్ లాంప్టీ హ్యాండ్‌బాల్ అని పెనాల్టీ ఇచ్చేశాడు. పట్టిచ్చింది పందెం రేట్లు. గోల్స్ సంఖ్య మీద రేట్లు మ్యాచ్ నడుస్తుండగా అడ్డదిడ్డంగా కదిలాయి. ఆ కదలికకూ రిఫరీ నిర్ణయాలకూ ముడి కలిసింది. లాంప్టీకి జీవితకాల నిషేధం పడింది. ఫలితం రద్దయింది. 2017 నవంబరు 10న మళ్లీ ఆడించారు, సెనెగల్ 2-0తో గెలిచింది.

ఈ రెండింటిలో గమనించాల్సింది ఏమిటంటే, ఫిక్సర్‌కి పెద్ద ఆటగాడితో పని లేదు. నెలల తరబడి జీతం అందని చిన్న లీగ్ గోల్‌కీపర్ కావాలి, లేదా విజిల్ పట్టుకున్న ఒక్క మనిషి కావాలి. అందరి చూపూ పడని మ్యాచ్ కావాలి. సింగపూర్ ఫిక్సర్ విల్సన్ రాజ్ పెరుమాళ్ 2011లో దొరికింది ఫిన్లాండ్ లీగ్ మ్యాచ్‌ల దగ్గర. అక్కడే రెండేళ్ల జైలు పడింది. 2010 సెప్టెంబరులో బహ్రెయిన్‌తో ఆడిన టోగో జట్టయితే అసలు టోగో జట్టే కాదు, ఎవరో జెర్సీలు తొడిగి దింపిన మనుషులు. వరల్డ్ కప్ మ్యాచ్‌లో రిఫరీకి తోడు ఇద్దరు అసిస్టెంట్లు, ఫోర్త్ అఫీషియల్, వీడియో చూసి రిఫరీ తప్పుల్ని సరిదిద్దే వీఏఆర్ గది, డజన్ల కొద్దీ కెమెరాలు ఉంటాయి. ఆ మోకాలికి తగిలిన పెనాల్టీ అక్కడ నిమిషంలో వెనక్కి పోతుంది. అసాధ్యమని నేననను. కానీ ఖర్చెక్కువ, గిట్టుబాటు తక్కువ.

పైగా నిజమైన ఫిక్సింగ్‌కి ప్రాణం రహస్యం. వెయ్యి మందికి తెలిస్తే వెయ్యి మందీ ఒకవైపే కడతారు. రూపాయికి 1.80 ఇచ్చే రేటు 1.30కి పడిపోతుంది, పందెం రేట్లను గమనించే నిఘా కంపెనీల స్క్రీన్ మీద ఎర్రబడుతుంది, ఫిక్సర్‌కి లాభం పోయి జైలు మిగులుతుంది. అలాంటిదాన్ని అతను కావలిలోనో కందుకూరులోనో ఉన్న మీకు 2,000 రూపాయలకు ఎందుకు అమ్ముతాడు?

మరి ఆ టెలిగ్రామ్ వాళ్లు చెప్పింది మూడుసార్లు వరసగా తగిలింది గదా అంటారు. ఎలా తగిలిందో చూడండి. మోసగాడు 900 ఫోన్ నంబర్లు తీసుకుంటాడు. 300 మందికి ఫలానా జట్టు గెలుస్తుందని, 300 మందికి ఓడుతుందని, 300 మందికి డ్రా అని పంపుతాడు. ఏ ఫలితం వచ్చినా ఒక 300 మందికి నిజమైంది. ఆ 300 మందిని మళ్లీ వందలుగా చీలుస్తాడు. తర్వాతి మ్యాచ్‌కి ఆ వందను మళ్లీ మూడుగా. చివరికి 33 మంది కళ్ల ముందు మూడు జోస్యాలు వరసగా ఫలించాయి. తప్పిన 867 మంది ఒకరికొకరు తెలియదు. ఆ 33 మందికే ‘వీఐపీ గ్రూపు’ ఫోన్ వస్తుంది. ఛానల్లోనైతే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. తప్పినవి డిలీట్ చేస్తాడు, తగిలినవి పిన్ చేస్తాడు.

తర్వాతి మెట్టు ఇంకా ఖరీదు. వాడిచ్చిన పందెం యాప్‌లో మీ పేరు మీద లక్షా ఎనభై వేలు కనిపిస్తాయి. తీసుకోబోతే “30 శాతం ట్యాక్సు ముందు కట్టండి” అంటాడు. ఆన్‌లైన్ గేముల గెలుపు మీద మన దగ్గర ఆదాయపు పన్ను 30 శాతం ఉన్న మాట నిజమే, అందుకే జనం నమ్ముతారు. కానీ టీడీఎస్ అంటేనే ఇచ్చేవాడు కోసుకొని ఇవ్వడం. గెలిచిన డబ్బు ఇవ్వడానికి ముందు మీ జేబులోంచి వాడికి పన్ను కట్టమనే చట్టం లేదు. ఆ మాట వచ్చిందంటే యాప్‌లో కనిపించే అంకె వట్టి బొమ్మ.

ఇప్పటికే కట్టేసినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో చెప్పరు. పందెం కాసినందుకు మనల్నే పట్టుకుంటారేమోనని భయం. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలను 2020లోనే చట్టం సవరించి నిషేధించారు, కాబట్టి ఆ భయం ఊరికే రాలేదు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం మాత్రం శిక్షలు పెట్టింది ఆడించేవాళ్లకు, ప్రకటనలిచ్చేవాళ్లకు, వాటి డబ్బు లావాదేవీలు నడిపేవాళ్లకు. ఏదేమైనా, మోసపోయాక చేయాల్సిన పని ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టడం. గంట రెండు గంటల్లో చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపించే వీలుంటుంది. తెల్లారేసరికి అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది. చేతిలో ఉండాల్సినవి: యూపీఐ లావాదేవీకి వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, ఎంత పోయింది, ఎవరి ఐడీకి పోయింది, ఛానల్ పేరు. కోపంతో చాట్ డిలీట్ చేయొద్దు, బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీయండి. కొన్నాళ్లకు “మీ డబ్బు తిరిగిప్పిస్తాం, ఫీజు 5,000” అని ఇంకోడు ఫోన్ చేస్తాడు. వాడూ ఆ ముఠావాడే అనుకోండి.

అపోహ: 2022 వరల్డ్ కప్ ఆతిథ్యాన్ని ఖతార్ డబ్బిచ్చి కొనుక్కుంది, కోర్టులో రుజువైంది.

వాస్తవం: రుజువు కాలేదు. అనుమానం, అభియోగం, శిక్ష మూడూ వేరువేరు. మనవాళ్లు మూడిటినీ ఒకే గాటన కట్టేస్తారు.

మన ఎంపీపీ ఎన్నికలప్పుడు ఎంపీటీసీలను బస్సెక్కించి క్యాంపులకు తీసుకుపోవడం చూశాం గదా. పది పదిహేను మంది ఓటర్లుంటే ఒక్కో ఓటుకు ఎంత విలువ వస్తుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. ఫిఫాలోనూ అదే లెక్క. 2010 డిసెంబరు 2న 2018, 2022 వరల్డ్ కప్‌లు రెండూ ఒకే రోజు ఇచ్చేశారు. ఓటు హక్కు 24 మంది కార్యవర్గ సభ్యులది. ఒక బ్రిటిష్ పత్రిక రహస్య ఆపరేషన్లో ఓటు బేరాల ఆరోపణలు బయటపడి ఇద్దరు ముందే సస్పెండయ్యారు. మిగిలింది 22. రహస్య ఓటింగ్, 12 వస్తే మెజారిటీ. 2018కి రష్యా రెండో రౌండులో 13తో గెలిచింది. ఇంగ్లండ్ రెండు ఓట్లతో మొదటి రౌండులోనే ఇంటికెళ్లింది. 2022కి ఖతార్ నాలుగో రౌండులో 14-8తో అమెరికాను దాటింది.

తర్వాత మైకేల్ గార్సియా అనే మాజీ అమెరికా ప్రాసిక్యూటర్ విచారణ చేశాడు. 2014 నవంబరులో ఫిఫా దాని సారాంశం 42 పేజీలు వదిలింది. ఇది నా నివేదికకు సరైన సారాంశం కాదని ఆయన మరుసటి నెలలో రాజీనామా చేశాడు. పూర్తి నివేదిక బయటికొచ్చింది 2017లో, అదీ ఒక జర్మన్ పత్రికకు దొరికిపోయాక. 2020 ఏప్రిల్లో అమెరికా ప్రాసిక్యూటర్లు ఖతార్‌కి, రష్యాకి ఓటేయడానికి కొందరు సభ్యులు డబ్బు తీసుకున్నారని అభియోగపత్రంలో రాశారు. రెండు దేశాలూ కాదన్నాయి. ఆతిథ్యం మాత్రం రద్దు కాలేదు. ఫిఫా మాజీ అధ్యక్షుడు బ్లాటర్, యూరప్ ఫుట్‌బాల్ సంఘం మాజీ అధ్యక్షుడు ప్లాటినీల సంగతీ అంతే. 20 లక్షల స్విస్ ఫ్రాంకుల చెల్లింపు మీద ఫిఫా వాళ్లను నిషేధించింది. స్విస్ కోర్టు 2022లో, మళ్లీ అప్పీల్లో 2025లో నిర్దోషులంది. సంస్థ వేసే శిక్షకు కావాల్సిన ఆధారం వేరు, జైలుకు పంపడానికి కావాల్సిన ఆధారం వేరు.

నోట్ల కట్టలు కళ్లకు కనిపించిన సందర్భం కూడా ఒకటుంది. అది ఆతిథ్యం కోసం కాదు. 2011లో ఫిఫా అధ్యక్ష ఎన్నికకు ముందు, ట్రినిడాడ్‌లోని ఒక హోటల్లో కరేబియన్ దేశాల ప్రతినిధులకు ఒక్కొక్కరికి 40,000 డాలర్లున్న కవర్లు అందాయి. బహమాస్ ప్రతినిధి ఆ నోట్లను ఫోటో తీసి, కవరు వెనక్కిచ్చేశాడు. పోటీలో ఉన్న మహమ్మద్ బిన్ హమామ్ కథ అక్కడితో ముగిసింది. చిన్న దేశాల కోసం ఎందుకంత తాపత్రయం అంటే, ఫిఫాలో 211 సభ్యులకూ తలా ఒక ఓటే. నాలుగైదు వేల జనాభా ఉన్న మోంట్‌సెరాట్‌కీ ఒకటే, బ్రెజిల్‌కీ ఒకటే.

అపోహ: అమెరికా కేసు వరల్డ్ కప్ ఓట్ల గురించే.

వాస్తవం: ఎక్కువ భాగం దక్షిణ అమెరికా, ఉత్తర - మధ్య అమెరికా టోర్నీల టీవీ హక్కుల గురించి. ఊరి చెరువులో చేపల పాట ఎలా నొక్కేస్తారో అదే ఇది. మూడు లక్షలు పలికే చెరువును పెద్దమనుషులు మనోడికే లక్షకు కొట్టేయిస్తారు. తేడాలో వాటా ఇంటికొస్తుంది, ఊరి ఖజానాకు గండి పడుతుంది. అక్కడ చెరువు బదులు కోపా అమెరికా అనే దక్షిణ అమెరికా దేశాల టోర్నీ. మార్కెటింగ్ కంపెనీ హక్కులు చవగ్గా కొని, సంఘం పెద్దలకు ఏటా ముట్టజెప్పి, టీవీలకు ఎక్కువకు అమ్ముకునేది. 24 ఏళ్లలో చేతులు మారింది 15 కోట్ల డాలర్లకు పైమాటే అన్నారు ప్రాసిక్యూటర్లు. బ్రెజిల్ కంపెనీ యజమాని హవిల్లా నేరం ఒప్పుకొని 15.1 కోట్ల డాలర్లు వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నష్టపోయింది ఎవరంటే, ఆ డబ్బుతో గ్రౌండ్లు, బంతులు రావాల్సిన పిల్లలు.

ఇక మిగిలినవి గబగబా.

ఇప్పుడు వరల్డ్ కప్ ఆతిథ్యానికి అన్ని దేశాలూ ఓటేస్తున్నాయి కాబట్టి అంతా శుభ్రమే అనేవాళ్లున్నారు. 2026కి నిజంగానే పోటీ జరిగింది, 2018 జూన్ 13న మాస్కోలో 134-65తో మొరాకో ఓడింది. 2034కి వచ్చేసరికి దరఖాస్తు చేసింది సౌదీ ఒక్కటే. ముందుకు రావడానికి ఇచ్చిన గడువు నెల రోజులు కూడా లేదు. 2024 డిసెంబరు 11న స్క్రీన్ల ముందు కూర్చొని చప్పట్లతో ఖరారు చేశారు. చప్పట్లు కొట్టనిది నార్వే. అది ఏకగ్రీవ సర్పంచ్ ఎన్నికలాంటిది, మిగతాది మీకే వదిలేస్తున్నా.

2022 ఆగస్టులో భారత్‌ను ఫిఫా సస్పెండ్ చేసింది లంచాలకని వాట్సాప్‌లో తిరిగింది. కాదు. సుప్రీంకోర్టు వేసిన కమిటీ ఫెడరేషన్ను నడపడాన్ని బయటి జోక్యంగా చూసింది. 11 రోజుల్లో ఎత్తేసింది, అక్టోబరులో అండర్-17 అమ్మాయిల వరల్డ్ కప్ మన దగ్గరే జరిగింది.

“ఫిఫా గుర్తింపు పొందిన అకాడమీ, రెండు లక్షలు కడితే ఇండియా సెలక్షన్” అనే కాగితాలతో వచ్చే తల్లిదండ్రులకు: ఫిఫా ఎవరి పిల్లల్నీ ఎంపిక చేయదు. ఆ దారి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్. కోచ్‌ని ఫెడరేషన్ లైసెన్సు చూపించమనండి, డీ నుంచి ప్రో దాకా ఏదో ఒకటి ఉండాలి. డబ్బు కట్టాల్సి వస్తే అసోసియేషన్ పేరు మీదున్న ఖాతాకే కట్టండి, రసీదు తీసుకోండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే పిన్ కొట్టకుండా ఫోన్ జేబులో పెట్టుకోండి.