ఆర్పినా వెలిగే బల్బు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత ఇళ్లలో గుండు బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టాక చాలామంది గమనించే వింత ఒకటుంది. స్విచ్ ఆర్పినా బల్బు మసగ్గా మిణుకుతూనే ఉంటుంది, లేదా కొన్ని సెకన్లకోసారి తళుక్కుమంటుంది. నాసిరకం బల్బని కొత్తది తెస్తారు. అదీ మిణుకుతుంది.

తప్పు చాలాసార్లు వైరింగులోనే ఉంటుంది, పాత బల్బు దాన్ని బయటపెట్టలేదంతే. 60 వాట్ల గుండు బల్బు నిండుగా వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఎల్ఈడీలో ఉండే చిన్న కెపాసిటర్‌కి మిల్లీ ఆంపియరులో పదో వంతు చాలు. బొట్టు బొట్టుగా చెంబు నిండినట్టు అది నిండుతుంది, నిండగానే ఒక్క తళుకు, మళ్లీ ఖాళీ.

ఆ కాస్త కరెంటు ఎక్కడినుంచి వస్తోందన్నదే ప్రశ్న. స్విచ్‌లో ఎర్రటి ఇండికేటర్ దీపం ఉంటే అక్కడినుంచే. మామూలు స్విచ్ వేస్తే సరిపోతుంది. మెట్లకి రెండు చోట్ల స్విచ్‌లున్న లైటయితే, ఒకే పైపులో పక్కపక్కన సాగిన వైర్ల మధ్య తాకకుండానే కాస్త కరెంటు దాటుతుంది. ప్రమాదం లేదు. హోల్డర్ రెండు వైర్ల మధ్య 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ ‘ఎక్స్2’ రకం కెపాసిటర్ కడితే ఆగుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్‌లోంచి పీకిన పాతది మాత్రం కట్టకండి. వానాకాలంలోనే మిణికి ఎండాకాలంలో మానేస్తే స్లాబు పైపులో చెమ్మ చేరిందని అర్థం. 500 వోల్టుల మెగ్గరుతో (వైరు ఇన్సులేషన్ కొలిచే పరికరం) చూసినప్పుడు ఇన్సులేషన్ ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపితే ఆ వైరు లాగేసి కొత్తది వేయాల్సిందే, టేపు చుట్టి లాభం లేదు.

భయపడాల్సింది నాలుగో కారణానికి. స్విచ్ ఫేజుని (కరెంటు తెచ్చే వైరు) కాక న్యూట్రల్‌ని (తిరిగి వెళ్లే వైరు) తెంపుతూ ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆర్పినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. బల్బు మార్చబోయిన చేతికి షాక్ తగులుతుంది.

దీన్ని పట్టుకోవడానికి బోర్డు విప్పక్కర్లేదు. మూడు రంధ్రాల సాకెట్‌లో పెద్ద రంధ్రం (ఎర్తింగ్) పైన ఉండేలా ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. మంచి టెస్టర్ కుడివైపే వెలగాలి. చెక్క బల్ల మీద నిలబడితే టెస్టర్ సరిగా వెలగకపోవచ్చు, ముందు పనిచేసే సాకెట్‌లో పరీక్షించుకోండి. ఒక గదిలోనే ఎడమవైపు వెలిగితే తప్పు ఆ బోర్డులో ఉంది. ఇల్లంతా ఎడమవైపే వెలిగితే మెయిన్ దగ్గరే ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. సర్వీసు వైరు తెగి మళ్లీ కట్టినప్పుడో, ఇన్వర్టర్ కలిపినప్పుడో ఇది జరుగుతుంది. సాకెట్లన్నీ సరిగ్గా ఉండి ఒక్క లైటే మిణికితే ఆ లైటు స్విచ్ దగ్గరో, సీలింగ్ రోజ్ దగ్గరో వైర్లు మారాయేమో చూడాలి.

ఇల్లంతా తారుమారైతే లైట్ల గొడవ చిన్నది. మెయిన్‌లో సింగిల్ పోల్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడే స్విచ్, ఇది ఒక్క వైరునే తెంపుతుంది) ఉందనుకోండి, అది ఇప్పుడు న్యూట్రల్ మీద కూర్చుంది. దాన్ని దించినా ఇంట్లో ఫేజు ఉంటుంది. ఫేజు వైరు ఇనప పెట్టెకి తాకి ఎర్తింగ్‌లోకి కరెంటు పారినా ఆ దారిలో ఎంసీబీ లేదు కాబట్టి అది పడదు. అందుకే మెయిన్‌లో డబుల్ పోల్ ఎంసీబీ, దాని తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే స్విచ్) పెట్టమంటాం. ఈ రెండూ ఫేజు, న్యూట్రల్ రెంటినీ కలిపి తెంపుతాయి.

సరిచేసేటప్పుడు మెయిన్‌తోపాటు (పైన చెప్పినట్టు సింగిల్ పోల్ ఎంసీబీ దించితే చాలదు, రెండు వైర్లూ తెగాలి) ఇన్వర్టర్ కూడా ఆపాలి. మెయిన్ ఒక్కటే దించితే ఇన్వర్టర్ వెంటనే అందుకుని లైట్ల వైర్లకి కరెంటు ఇస్తుంది. మన వైపు పాత వైర్లలో రంగులు నమ్మకండి, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ అన్నది కాగితం మీద మాటే కావచ్చు. మిస్త్రీ ‘లైన్’ అంటే ఫేజనే అనుకోండి, కానీ ఏ స్క్రూ దగ్గరిదో చూపించమనండి. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దాని మీద 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ చాలు. తప్పు మీటరుకి ముందు ఉంటే సీలు ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని పిలిపించండి. ఆయన మార్చి వెళ్లాక అదే సాకెట్‌లో టెస్టర్ పెట్టి మళ్లీ చూడండి.